ఈవెంట్ బాధ్యత తేలేది బడ్జెట్ షీటులోనే

కంపెనీల వార్షిక సమావేశాలు, డీలర్ల మీట్‌లు, ప్రొడక్ట్ లాంచ్‌లు, ఉద్యోగులను ఆఫీసు బయటికి తీసుకెళ్లి పెట్టే ఆఫ్‌సైట్‌లు ఇప్పుడు చాలావరకు 'గ్రీన్' అన్న మాటతో మొదలవుతున్నాయి. వేదిక మీద బొకే బదులు మొక్క ఇస్తున్నారు. ఆహ్వానం వాట్సాప్‌లో పంపుతున్నారు. బ్యాడ్జీలు విత్తనాల కాగితంతో చేయిస్తున్నారు. ఇవన్నీ మంచి పనులే. కానీ ఒక సమావేశం వల్ల గాలికి, నేలకు, మనుషులకు జరిగే నష్టంలో పెద్ద భాగం అక్కడిదాకా రాకముందే ఖాయమైపోతుంది. ఎక్కడ పెట్టాలి, ఎంతమందిని పిలవాలి, పని ఎవరికి, ఏ రేటుకు ఇవ్వాలి అనే మూడు నిర్ణయాలూ అడ్మిన్, హెచ్ఆర్, పర్చేజ్ వాళ్లు కూర్చుని తొలి బడ్జెట్ షీటు వేసేటప్పుడే జరుగుతాయి. ఈవెంట్ ఏజెన్సీకి పని అందేసరికి మార్చడానికి మిగిలేది చాలా తక్కువ. అందుకే బాధ్యత గురించి మాట్లాడాలంటే ఆ షీటు దగ్గరే మొదలుపెట్టాలి.

ఊరు ఎంచుకోవడం

హైదరాబాద్‌లో 300 మంది, ఢిల్లీలో 100 మంది ఉద్యోగులున్న ఒక కంపెనీని లెక్క కోసం తీసుకుందాం. విమానంలో ఎకానమీ సీటుకు కిలోమీటరుకు 100 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ అని మోటుగా పట్టుకుందాం. సమావేశం హైదరాబాద్‌లో పెడితే ఢిల్లీ నుంచి వచ్చే వంద మంది ఒక్కొక్కరూ ఒకవైపు సుమారు 1,250 కిలోమీటర్లు ఎగరాలి. రానుపోను మొత్తం 25 టన్నులు. అదే గోవాలో పెడితే హైదరాబాద్ వాళ్లు 300 మంది తలా 550 కిలోమీటర్లు, ఢిల్లీ వాళ్లు తలా 1,500 కిలోమీటర్లు వెళ్లి తిరిగి రావాలి. అది 63 టన్నులు. అంటే గోవా అని రాసిన ఒక్క గడి వల్ల అదనంగా 38 టన్నులు. చిన్న దూరపు విమానాలు టేకాఫ్‌కే ఎక్కువ ఇంధనం తాగుతాయి కాబట్టి నిజానికి తేడా ఇంకా ఎక్కువే ఉంటుంది.

ఈ సంఖ్య ఎంత పెద్దదో తెలియాలంటే జనరేటర్‌తో పోల్చి చూడాలి. లీటరు డీజిల్ కాలితే దాదాపు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. గంటకు 20 లీటర్లు తాగే జనరేటర్ రోజుకు 8 గంటలు నడిస్తే 430 కిలోలు. అలాంటి జనరేటర్ దాదాపు 90 రోజులు నడిస్తే గానీ గోవా తెచ్చిన ఆ అదనపు భారంతో సమానం కాదు. హాల్లో ప్లాస్టిక్ స్ట్రాలు తీసేయించడానికి పట్టుబట్టే కమిటీ ఊరు దగ్గర మాత్రం ఒక్క ప్రశ్న కూడా వేయకపోవడం చాలాచోట్ల కనిపించే అసలు లోపం.

వీటికి లెక్కలు రాసే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. ఉద్గారాల లెక్కకు ప్రపంచమంతా వాడే జీహెచ్‌జీ ప్రోటోకాల్‌లో స్కోప్ 3 (కంపెనీ సొంతంగా కాల్చే ఇంధనం, కొనే కరెంటు కాక, దాని పని వల్ల బయట జరిగే ఉద్గారాలు) కింద 15 పద్దులుంటే, ఆరోది ఉద్యోగుల పని మీది ప్రయాణం. మన దేశంలో మార్కెట్ విలువలో ముందున్న వెయ్యి లిస్టెడ్ కంపెనీలు 2022–23 నుంచి స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ చెప్పిన బీఆర్ఎస్ఆర్ (పర్యావరణ, సామాజిక బాధ్యతల) నివేదిక ఇవ్వాల్సిందే. కానీ ఆ నివేదికలో స్కోప్ 3 వివరాలను ఐచ్ఛికంగానే ఉంచారు. కాబట్టి ఆఫ్‌సైట్ విమానాల లెక్క బయటికి రావాలంటే కంపెనీ తనంతట తాను రాయాలి.

విమానానికి బదులు ఏముంది అంటే, మన దగ్గర కొన్ని రూట్లలో రైలు నిజంగానే పనికొస్తుంది. సికింద్రాబాద్–విశాఖ వందే భారత్ 2023 జనవరిలో, కాచిగూడ–యశ్వంతపూర్ వందే భారత్ అదే ఏడాది సెప్టెంబరులో మొదలయ్యాయి. రెండూ సుమారు ఎనిమిదిన్నర గంటల ప్రయాణాలు. విమానమైనా ఎయిర్‌పోర్టుకు వెళ్లడం, చెక్-ఇన్, దిగాక క్యాబ్ అన్నీ కలిపితే ఐదు గంటలు పోతాయి. మిగిలిన తేడా మూడున్నర గంటలు. అయితే ఆ గంటలను కంపెనీ పని గంటలుగా లెక్కేయాలి. ఆదివారం రైల్లో గడిపి సోమవారం తొమ్మిదికల్లా ఫ్రెష్‌గా హాల్లో ఉండాలంటే ఎవరూ రైలు ఎక్కరు. ఎక్కకపోతే ఆ తప్పు ట్రావెల్ పాలసీదే, ఉద్యోగులది కాదు.

కొన్ని సమావేశాలకు అసలు ప్రయాణమే అక్కర్లేదు. వాటాదారులకు వార్షిక నివేదికలు ఈమెయిల్‌లో పంపొచ్చని కార్పొరేట్ వ్యవహారాల శాఖ 2011లోనే అనుమతించింది. కోవిడ్ సమయంలో, 2020 మేలో, వాటాదారుల వార్షిక సమావేశాలు (ఏజీఎంలు) వీడియోలో జరుపుకోవచ్చని సర్క్యులర్ ఇచ్చింది, తర్వాత పొడిగిస్తూ వచ్చింది. దీనివల్ల కాకినాడలోనో ఖమ్మంలోనో ఉండి వంద షేర్లు పెట్టుకున్న మనిషి కూడా ముంబైలో జరిగే ఏజీఎంలో కూర్చోగలుగుతున్నాడు. ఇందులో ఒక చిక్కుంది. హాల్లో లేచి నిలబడి అడిగేవాణ్ని కూర్చోబెట్టడం కష్టం, తెర మీద మ్యూట్ చేయడం తేలిక. కార్బన్ తగ్గిందని చెప్పుకునే కంపెనీ ప్రశ్నల సమయం తగ్గించకుండా చూడాలి. పర్యావరణ బాధ్యత ఒక చేత్తో ఇచ్చి సామాజిక బాధ్యత రెండో చేత్తో లాక్కోవడం సరికాదు.

హాలు, కరెంటు, ఫ్లెక్స్

ఊరి తర్వాత హాలు. హైదరాబాద్‌లో హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ 2019 మార్చిలో, రాయదుర్గం స్టేషన్ అదే ఏడాది నవంబరులో తెరిచారు. ఆ చుట్టుపక్కల హాలు తీసుకుని స్టేషన్ నుంచి షటిల్ బస్సు పెడితే వందల కార్లు తగ్గుతాయి. అవుటర్ రింగ్ రోడ్డు పక్కన రిసార్ట్ తీసుకుంటే కారు తప్ప దారి లేదు. మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు రిసార్టులు, ఫంక్షన్ హాళ్ల విషయంలో ఇంకో జాగ్రత్త అవసరం. అందులో చాలా భాగం గండిపేట, హిమాయత్‌సాగర్ పరివాహక ప్రాంతం. ఆ చెరువులను కాపాడటానికే చుట్టూ నిర్మాణాల మీద ఆంక్షలు పెడుతూ 1996లో జీవో 111 తెచ్చారు. దాని భవిష్యత్తు మీద ప్రభుత్వాలు ఏమన్నా, అక్కడ హాలు బుక్ చేసే కంపెనీ అనుమతి కాగితాలు, మురుగునీరు ఎటు పోతుందన్న సమాధానం రెండూ అడిగి తీసుకోవాలి. వెయ్యి మంది ఒక్క రోజు వాడిన బాత్రూముల నీరు ఎక్కడో ఒకచోటికి చేరుతుంది.

కరెంటు విషయంలో అలవాటు ఒకటి పాతుకుపోయింది. హాలుకు సొంత కనెక్షన్ ఉన్నా ఎల్ఈడీ వాల్, లైట్లు, సౌండ్ అన్నీ ఉదయం నుంచీ అద్దె జనరేటర్ మీదే నడుపుతారు. మధ్యలో కరెంటు పోతే పరువు పోతుందన్న టెన్షన్ దానికి కారణం. కార్బన్ లెక్కలో మన గ్రిడ్ కరెంటు కూడా శుభ్రమైనదేమీ కాదు. యూనిట్‌కు సుమారు 0.7 కిలోలు. జనరేటర్ దానికంటే కొంచెమే ఎక్కువ. కానీ ఆ పొగ హాలు వెనక లోడింగ్ దగ్గర నిలబడ్డ పనివాళ్లు, డ్రైవర్లు రోజంతా పీలుస్తారు. హాలుకు ఎంత లోడ్ మంజూరైందో ముందే అడిగి, పరికరాలన్నీ దానిలో సరిపెట్టి, జనరేటర్‌ను స్టాండ్‌బైగా మాత్రమే ఉంచమని ఆర్డర్‌లోనే రాయొచ్చు. ఏసీ సంగతి చెప్పాలంటే, ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం విద్యుత్తు ఆదా అవుతుందని కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెబుతుంది. 24 దగ్గర పెట్టమని హాలు మేనేజర్‌కు ఒక్క మాట చెబితే, సగం మంది శాలువాలు కప్పుకుని వణకాల్సిన పనుండదు.

ఇక ముద్రించిన సరుకు. 2022 జులై 1 నుంచి దేశమంతా అమల్లో ఉన్న ఒకసారి వాడే ప్లాస్టిక్ నిషేధం ఈవెంట్ల పనిని నేరుగా తాకుతుంది. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలతో పాటు అలంకరణకు వాడే థర్మాకోల్, స్వీటు బాక్సులకూ ఆహ్వాన పత్రికలకూ చుట్టే పల్చటి ప్లాస్టిక్ పొర, 100 మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్లు ఆ జాబితాలో ఉన్నాయి. థర్మాకోల్ అక్షరాలు ఇప్పటికీ వేదికల మీద కనిపిస్తున్నాయంటే చట్టం తెలియకే. మామూలు ఫ్లెక్స్ 100 మైక్రాన్ల కంటే మందం కాబట్టి నిషేధం దాన్ని ముట్టుకోలేదు. దాన్ని తగ్గించడం కంపెనీ చేతిలోనే ఉంది.

ఇక్కడ పెద్ద ఖర్చు లేకుండా పని జరిగే చోటు ఒకటుంది. స్టాండీల మీద, దారి చూపే బోర్డుల మీద తేదీ, సంవత్సరం, ఆ ఏటి నినాదం వేయడం మానేయాలి. 'రిజిస్ట్రేషన్', 'భోజనం ఇటు' అన్న బోర్డుకు సంవత్సరంతో ఏం పని? ఆ నాలుగు అంకెల వల్లే బోర్డు మర్నాడు చెత్త అవుతుంది. తేదీ కావలసింది ప్రధాన బ్యాక్‌డ్రాప్‌కే, అది ఎలాగూ ఎల్ఈడీ తెర మీద వేసుకోవచ్చు. ఎగ్జిబిషన్ స్టాళ్ల విషయంలోనూ ఇంతే. అల్యూమినియం ఫ్రేములతో బిగించే ఆక్టానార్మ్ స్టాళ్లు ఏళ్ల తరబడి తిరుగుతాయి. ప్లైవుడ్, వినైల్‌తో కట్టిన స్టాల్ చివరి రోజు సాయంత్రం రెండు మూడు గంటల్లో సుత్తి దెబ్బలకు ముక్కలైపోతుంది. దాని కింద పరిచిన పల్చటి సింథటిక్ కార్పెట్ రెండోసారి వాడరు. హాలు నేల బాగుంటే కార్పెట్ అసలెందుకు అని అడిగినవాళ్లు అరుదు.

భోజనాల లెక్క

బాంక్వెట్ హాళ్లలో ప్లేట్ల సంఖ్యకు 'గ్యారంటీ' ఇవ్వాలి. 400 అని రాసిస్తే 300 మంది వచ్చినా 400కే బిల్లు. తక్కువ పడుతుందేమోనన్న భయంతో అడ్మిన్ పది శాతం కలుపుతుంది, ఏజెన్సీ ఇంకో పది కలుపుతుంది, వంటవాళ్లు మరికొంత కలుపుతారు. ఎవరి భయం వాళ్లది. చివరికి మిగిలేది కుప్పలు కుప్పలుగా బిర్యానీ. మన దగ్గర తేదీని బట్టి కూడా లెక్క మారుతుంది. శనివారం మాంసం ముట్టనివాళ్లు చాలామంది. కార్తీక మాసంలో ఇంకా ఎక్కువ. రంజాన్ నెలలో మధ్యాహ్న భోజనం మానేసేవాళ్లుంటారు, సాయంత్రం వాళ్లకు ఇఫ్తార్ ఏర్పాటు కావాలి. కార్తీక సోమవారం నాడు కూడా మామూలు రోజులాగే సగానికి సగం నాన్‌వెజ్ చెప్పే కంపెనీ మేకను, బియ్యాన్ని, గ్యాసును, డబ్బును చెత్తలో పోస్తున్నట్టే. రిజిస్ట్రేషన్ ఫారంలో 'ఆ రోజు ఏం తింటారు, భోజనానికి ఉంటారా' అని రెండు గడులు పెట్టి, రెండు రోజుల ముందు మళ్లీ ఒకసారి మెసేజ్ పంపితే గ్యారంటీ అంకె నిజానికి దగ్గరగా వస్తుంది. ఐటెమ్స్ తగ్గించడం ఇంకా పెద్ద పొదుపు. నలభై రకాలు పెడితే మనిషి అన్నీ కొంచెం కొంచెం వడ్డించుకుని సగం వదిలేస్తాడు. పన్నెండు రకాలు రుచిగా చేస్తే ప్లేటు ఖాళీ అవుతుంది.

మిగిలిందాన్ని పంచాలన్న ఆలోచన మంచిదే, కానీ అది కూడా ముందే ఏర్పాటు చేసుకోవాల్సిన పని. మిగులు ఆహారం సేకరణ, పంపిణీ మీద ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2019లో ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. రాత్రి పదకొండుకు ఫోన్ చేసి 'రండి, పట్టుకెళ్లండి' అంటే సంస్థలవాళ్లు వచ్చేసరికి పన్నెండవుతుంది, అది తినేవాళ్లు నిద్రపోయి ఉంటారు, కూర పాడయ్యే దశకు వస్తుంది. వేడి పదార్థం 60 డిగ్రీల పైన, చల్లనిది 5 డిగ్రీల లోపు ఉండాలి. మధ్యలో ఎంతసేపు ఉంటే అంత ప్రమాదం. అందుకని బఫేలో మూత తీసి పెట్టినదాన్ని పక్కనపెట్టి, వంటగదిలో ముట్టకుండా ఉన్నదాన్నే ఇవ్వాలి. సంస్థతో వారం ముందే మాట్లాడాలి, డబ్బాలు సిద్ధంగా ఉండాలి, మధ్యాహ్నం మూడుకల్లా బండి కదలాలి. పేదవాళ్లకు పెట్టే భోజనం తాజాగా ఉండాలన్న పట్టింపు లేకపోతే అది దానం కాదు, చెత్త బరువు దించుకోవడం.

ప్లేట్లకు స్టీలు, పింగాణీ అన్నిటికన్నా మేలు. కడిగే నీళ్లు, కడిగే మనుషులు హాలులో ఉన్నారా అన్నది ముందు చూసుకోవాలి. లేని చోట ఆకు విస్తళ్లున్నాయి. ఉత్తరాంధ్ర ఏజెన్సీ గ్రామాల్లో ఆడవాళ్లు అడవిలో అడ్డాకులు కోసుకొచ్చి, ఆరబెట్టి, పుల్లలతో కుట్టి అమ్ముతారు. కంపెనీ ఆర్డరు అక్కడిదాకా చేరితే ఆకుతో పాటు పది ఇళ్లకు కూలి కూడా చేరుతుంది. 'కంపోస్టబుల్' (కుళ్లి ఎరువయ్యేవి) అని అచ్చేసిన పీఎల్ఏ, అంటే మొక్కల నుంచి తీసిన ప్లాస్టిక్, కప్పులను మాత్రం కళ్లు మూసుకుని నమ్మకూడదు. 60 డిగ్రీల వేడి అందే పెద్ద కంపోస్ట్ ప్లాంటులోనే అవి సరిగ్గా కుళ్లుతాయి. హైదరాబాద్ చెత్త చేరే జవహర్‌నగర్ గుట్ట మీదకు వెళ్తే మామూలు ప్లాస్టిక్‌లాగే పడి ఉంటాయి.

మంచినీళ్ల బుల్లి బాటిళ్లు కూడా లెక్కేసి చూడాల్సినవే. 400 మందికి రోజుకు నాలుగు చొప్పున రెండు రోజులంటే 3,200 బాటిళ్లు. వాటిలో చాలా సగం తాగి వదిలేసినవే. 20 లీటర్ల క్యాన్లు, స్టీలు గ్లాసులు, హాలు నాలుగు మూలలా నీళ్ల పాయింట్లు పెడితే చాలు. చెత్త విషయంలో 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలే స్పష్టంగా చెప్పాయి. లైసెన్సు లేని స్థలంలో వంద మందికి మించి పోగయ్యే కార్యక్రమం పెడితే మూడు పనిదినాల ముందు మున్సిపాలిటీకి తెలపాలి, తడి పొడి చెత్త అక్కడే వేరుచేసి అప్పగించాలి. డబ్బాలు రెండు రంగుల్లో పెట్టి వదిలేస్తే పని కాదు. భోజనాల గంటన్నర సేపు ప్రతి జత డబ్బాల దగ్గర ఒక మనిషి నిలబడి చూపించాలి. టిష్యూలు, కప్పులు కలిసిన అన్నం ఎరువుకు పనికిరాదు.

హాలు వెనక మనుషులు

అన్నిటికంటే తక్కువ మాట్లాడేది వీళ్ల గురించే. హాలు అద్దె షిఫ్టుల లెక్కన ఉంటుంది. ఖర్చు తగ్గించాలని కంపెనీ ఈవెంట్ రోజు ఉదయం నుంచి మాత్రమే బుక్ చేస్తుంది. ముందు రాత్రి అదే హాల్లో ఏ పెళ్లో ఉంటుంది. అది పదకొండుకు ముగిసి, వాళ్ల సామాను బయటికి వెళ్లేసరికి ఒంటిగంట. అప్పుడు ట్రస్సులు (లైట్లు బిగించే లోహపు చట్రాలు), లైట్లు, ఎల్ఈడీ ప్యానెళ్లు లోపలికి వస్తాయి. ఉదయం ఎనిమిదికి రిహార్సల్. ఆ ఏడు గంటల్లో నిద్రలేని కుర్రాళ్లు ఇరవై అడుగుల ఎత్తున, చాలాసార్లు నడుముకు బెల్టు కూడా లేకుండా, కాళ్లకు చెప్పులతో లైట్లు బిగిస్తారు. ప్రమాదం జరిగితే తప్పు ఆ కుర్రాడి అజాగ్రత్త మీదికి నెడతారు. నిజానికి అది హాలును సగం రోజు ముందుగా తీసుకోకపోవడం దగ్గరే మొదలైంది. సెటప్‌కు ఒక పూట అద్దె అదనంగా కట్టడం, ఎత్తులో పని చేసేవాళ్లకు హార్నెస్, హెల్మెట్ తప్పనిసరి అని ఆర్డర్‌లో రాయడం, ఆ ఖర్చును కొటేషన్‌లో విడి లైనుగా ఒప్పుకోవడం – ఈ మూడూ చేసిన కంపెనీకి మిగతా గ్రీన్ పనుల్లో కొన్ని తక్కువైనా ఫర్వాలేదు.

కొటేషన్‌లో లేబర్ విడిగా కనిపించకపోవడం వెనక కారణముంది. కంపెనీ నుంచి ఏజెన్సీకి, ఏజెన్సీ నుంచి వెండర్‌కు, వెండర్ నుంచి మేస్త్రీకి పని దిగుతుంది. ప్రతి మెట్టు దగ్గరా కొంత మిగుల్చుకుంటారు. పర్చేజ్ వాళ్లు అతి తక్కువ కోట్ చేసినవాళ్లకే ఇస్తే, ఆ తగ్గింపు చివరి మనిషి కూలి నుంచే వస్తుంది. మనిషికి, షిఫ్టుకు ఎంత ఇస్తున్నారో అడిగి, కనీస వేతనం కంటే తక్కువైతే ఆ కొటేషన్ పక్కన పెట్టాలి. వడ్డించే క్యాటరింగ్ బాయ్స్‌లో చాలామంది చదువుకుంటూ రోజు కూలికి వచ్చే పిల్లలు. 14 ఏళ్ల లోపు వాళ్లను ఏ పనిలోనూ కూలికి పెట్టకూడదని 2016 సవరణతో బాల కార్మిక చట్టం చెబుతుంది. వయసు చూపే కార్డు చూశాకే లోపలికి పంపాలని గేటు దగ్గర చెప్పి ఉంచాలి. వీళ్లు అతిథులంతా తిన్నాక, సాయంత్రం నాలుగుకు, మిగిలింది తింటారు. పార్కింగ్‌లో పన్నెండు గంటలు కూర్చునే డ్రైవర్లకు చాలాచోట్ల అదీ ఉండదు, బాత్రూముకు లోపలికి రానివ్వరు. భోజనాల గ్యారంటీలో సిబ్బందిని, డ్రైవర్లను కలిపి రాస్తే బడ్జెట్‌లో పెరిగేది చాలా స్వల్పం. రాత్రి పదకొండు దాటాక రిజిస్ట్రేషన్ డెస్క్ అమ్మాయిలు ఇంటికి ఎలా వెళ్తారన్న ప్రశ్నకు కూడా ఎవరి పేరో ఒకటి ఎదురుగా రాసి ఉండాలి.

హాలు లోపలి వాళ్ల విషయానికొస్తే రెండు చట్టాలు గుర్తుంచుకోవాలి. పని చేసే చోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం 2013 ప్రకారం ఉద్యోగం మీద వెళ్లిన ప్రతి చోటూ, కంపెనీ ఏర్పాటు చేసిన బస్సు కూడా పని ప్రదేశమే. ఆఫ్‌సైట్ పార్టీలో జరిగింది 'ఆఫీసు బయటి సంగతి' అని తోసేయడానికి వీల్లేదు. ఫిర్యాదు కమిటీ నుంచి ఒకరు అక్కడ ఉండాలి, వాళ్ల నంబరు ప్రతి బ్యాడ్జి వెనక ఉండాలి. రెండోది 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం. వేదికకు ర్యాంప్ గురించి చివరి రోజు ఆలోచిస్తే కుదరదు. ర్యాంప్ వాలు ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. రెండడుగుల వేదికకు 24 అడుగులు. అది స్టేజి డ్రాయింగ్ గీసేటప్పుడే చోటు వదిలితే తప్ప పట్టదు. లేకపోతే అవార్డు అందుకోవాల్సిన చక్రాల కుర్చీ ఉద్యోగిని నలుగురు ఎత్తి పైకి తీసుకెళ్తారు, లేదా కిందనే ఇచ్చేస్తారు. రెండూ ఆ మనిషికి అవమానమే.

గిఫ్టుల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పేరు అచ్చేసిన పవర్ బ్యాంకులు, మగ్గులు చాలా ఇళ్లలో ఇప్పటికే మూడేసి ఉన్నాయి. ఇవ్వకపోవడమే మేలు. ఇవ్వాలనుకుంటే అరకు కాఫీ, ఏటికొప్పాక బొమ్మ, ఉదయగిరి చెక్క చెంచాలు, పోచంపల్లి తువ్వాలు లాంటివి సహకార సంఘాల నుంచో తయారు చేసేవాళ్ల నుంచో నేరుగా కొనాలి. చేతిపని కాబట్టి రెండు నెలల ముందు ఆర్డరిచ్చి, సగం అడ్వాన్సు ఇవ్వాలి. వారం ముందు అడిగితే దళారీ దగ్గరున్న మెషిన్ సరుకే దొరుకుతుంది.

ఈవెంట్ అయ్యాక మిగిలేవి రెండు పనులు. మొదటిది లెక్క రాయడం: ఎంతమంది విమానంలో వచ్చారు, ఎన్ని ప్లేట్లు గ్యారంటీ ఇచ్చి ఎన్ని లేచాయి, ఎన్ని లీటర్ల డీజిల్ కాలింది, తడి చెత్త ఎన్ని కిలోలు, ఎవరికైనా దెబ్బ తగిలిందా. ఈవెంట్ల నిర్వహణకు 2012లో వచ్చిన ఐఎస్ఓ 20121 ప్రమాణం అడిగేది కూడా ముందు లక్ష్యం రాసుకుని తర్వాత దాన్ని కొలవమనే. సర్టిఫికెట్ తీసుకోకపోయినా ఈ ఒక్క పేజీ ఉంటే వచ్చే ఏడు గ్యారంటీ అంకె దగ్గర భయం బదులు లెక్క మాట్లాడుతుంది.

రెండోది బిల్లులు చెల్లించడం. పూల కొట్టు, డెకరేషన్ వాళ్లు, చిన్న క్యాటరర్ నెలల తరబడి అకౌంట్స్ చుట్టూ తిరుగుతారు. ఆలోపు వడ్డీకి తెచ్చి కూలీలకు ఇస్తారు, లేదా ఇవ్వకుండా ఆపుతారు. నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. గడువు దాటితే చెల్లించేదాకా ఆ ఖర్చును పన్ను లెక్కలో చూపించుకునే వీలు లేకుండా 2023 ఆర్థిక చట్టం ఆదాయపు పన్ను నిబంధన మార్చింది. ప్రతి వెండర్ బిల్లు తేదీ, డబ్బు పడిన తేదీ కూడా ఆ పేజీలోనే పక్కపక్కన రాయాలి.